అట్టలు చూపించావు, పాటలేవీ?

చిరంజీవి అమ్మడికి,

  

నువ్వు పంపిన ఫొటో చూశాను. మంచం మీద దుప్పటి పరిచి, ఈ నెల కొన్న రికార్డులన్నీ వరసగా పేర్చి పైనుంచి తీశావు. ఒక్కోదాని పక్కన ధర రాశావు. మీ స్నేహితులంతా నెలకోసారి ఇలా ఎవరు కొన్నవి వాళ్లు చూపించుకుంటారని అమ్మ చెప్పింది. సంతోషం తల్లీ. ఏ పాటైనా ఫోన్లో ఊరికే వినిపించే రోజుల్లో, జీతం డబ్బు పెట్టి రికార్డు కొనుక్కునే పిల్ల మన ఇంట్లో ఉందంటే నాకు చాలా గర్వంగా ఉంది. అయితే మీ వాళ్లు దానికి ఏమన్నారో కూడా అమ్మ చదివి వినిపించింది. ఎంతకొచ్చింది, ఎక్కడ దొరికింది, ఇంకోటి ఉందా. అంతే. అన్ని రికార్డుల్లో ఒక్కదాని గురించయినా పాట ఎలా ఉందని ఎవరూ అడగలేదు. నువ్వూ చెప్పలేదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

కొన్నది నలుగురికీ చూపించాలనిపించడం తప్పు కాదు. మా చిన్నప్పుడు ఒక ఇంటికి కొత్త రికార్డు వచ్చిందంటే సాయంత్రానికి ఆ అరుగు నిండిపోయేది. చూడటానికి కాదు, వినడానికే వచ్చేవాళ్లు. చూపించడం, వినిపించడం అప్పుడు వేరువేరుగా ఉండేవి కావు. మీకు ఆ రెండూ విడిపోయాయి. వాటిని మళ్లీ కలపమనే నేను అడిగేది.

నీ వరసలో ఎడమవైపు చివర ఘంటసాల భగవద్గీత ఎల్పీ ఉంది. అది ఇంట్లో పెట్టకు, ఎవరో పోయినట్టు ఉంటుందని నీ స్నేహితుడొకడు అన్నాడట. ఆ కుర్రాణ్ణి తప్పు పట్టను. మన ఊళ్లలో అది వినపడగానే ఎవరింట్లో ఏం జరిగిందోనని గుమ్మంలోకి వచ్చి చూస్తాం. అంతిమయాత్ర బండి మీద, గరగరలాడే స్పీకర్లో విని విని, అదొక ఆల్బమ్ అనీ, ఒక మహాగాయకుడు మనసు పెట్టి చేసిన పని అనీ జనం మరిచిపోయారు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. గీత ఆయన ఆఖరి రోజుల్లో పాడినది. చావుకీ ఆ పాటకీ మనం వేసిన ముడి అంత గట్టిగా పడటానికి అదీ ఒక కారణమేమో.

ఒక్కసారి దాన్ని మొదటి నుంచి పెట్టి, తలుపు దగ్గరికి వేసుకుని విను. శ్లోకం రాగంలో పాడతారు. ఒక్క క్షణం ఆగి, దాని తాత్పర్యం తెలుగులో మామూలు మాటగా చెబుతారు. పాట నుంచి మాటలోకి దిగే ఆ చోటు పట్టుకో. గొంతు మారదు, బరువు మారుతుంది. అంత పెద్ద గాయకుడు, ఎక్కడ కావాలంటే అక్కడ సంగతులు వేయగలవాడు, ఇక్కడ శ్లోకానికి చాలినంతే పాడి ఊరుకుంటాడు. అర్జునుడు విల్లు కింద పడేసే ఘట్టం దగ్గర ఆయన గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. బండి మీద స్పీకర్లో ఇవేవీ వినపడవు. నీ దగ్గరున్న రికార్డులో వినపడతాయి. ఇది విన్నాక ఆ స్నేహితుణ్ణి ఇంటికి పిలిచి ఒక్క వైపు వినిపించు. వాదించకు. రికార్డు తిరుగుతుంటే మధ్యలో మాట్లాడకుండా కూర్చోబెట్టు చాలు. ఎల్పీ ఒక వైపు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. ఆ మాత్రం సేపు స్నేహం కోసం ఎవరైనా కూర్చుంటారు.

నిజానికి నెలకోసారి ఫొటోలు పంపుకునే బదులు నెలకో ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కలవండి. ఒక్కొక్కరూ ఆ నెల కొన్నవాటిలో ఒకటే తేవాలి. ఒక వైపు పూర్తిగా వినాలి. పాట నచ్చకపోయినా ముల్లు ఎత్తి ముందుకు దూకించకూడదు. అయిపోయాక తెచ్చినవాళ్లు దాన్ని ఎందుకు కొన్నారో చెప్పాలి. ధర చివర్లో, అదీ ఎవరైనా అడిగితేనే. ఇలా రెండు మూడు నెలలు గడిస్తే మీ కొనుగోళ్లే మారతాయి, చూడు. పదిమంది ముందు పెట్టి వినిపించాలంటే అట్ట బొమ్మ చూసి కొనడం తగ్గుతుంది.

ఇక 78లు, అదే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల సంగతి. వాటిని కవరులోనే ఉంచి ఫొటో తీశావు. ఆ కాగితం కవరు మీద కంపెనీ ప్రకటన తప్ప ఏమీ ఉండదు, లోపల ఏ రికార్డయినా అదే కవరు. చెప్పాల్సిందంతా లేబుల్ మీద ఉంటుంది. రికార్డు బయటికి తీసి, అంచులు పట్టుకుని, లేబుల్ దగ్గరగా ఫొటో తీయి. సినిమా పేరు, పాడినవారు, సంగీతం ఎవరిది, రికార్డు నంబరు అందరికీ తెలియాలి. పాట రాసినవారి పేరు చాలా లేబుళ్ల మీద ఉండదు. తెలిస్తే నువ్వు రాసి పెట్టు. గాడి అయిపోయాక లేబుల్‌కి ముందు కొంచెం ఖాళీ జాగా ఉంటుంది కదా, దాన్ని దీపం వెలుగులో ఏటవాలుగా పట్టుకుంటే చిన్న చిన్న అక్షరాలు, అంకెలు కనపడతాయి. దాన్ని మ్యాట్రిక్స్ నంబరంటారు. ఆ రోజు స్టూడియోలో చేసిన రికార్డింగుకి గుర్తు అదే. ఒకే నంబరు లేబుల్ వేసుకున్న రెండు రికార్డుల్లో వేరే వేరే టేకులు ఉండటం కద్దు. అది పట్టుకున్న రోజు నీకు కలిగే సంతోషం, ఎంత అరుదైన రికార్డు కొన్నా రాదు.

లేబుల్ చెప్పిందల్లా నిజమనీ నమ్మకు. 1949లో వచ్చిన హిందీ సినిమా మహల్‌లో మధుబాల మీద తీసిన ఒక ప్రసిద్ధమైన పాట 78 లేబుల్ మీద లతా మంగేష్కర్ పేరు లేదు. మధుబాల వేసిన పాత్ర పేరు కామిని, అదే వేశారు. పాడిందెవరని శ్రోతలు రేడియోకి ఉత్తరాలు రాస్తే, వాళ్లు రికార్డు కంపెనీని అడిగి అసలు పేరు చెప్పాల్సి వచ్చింది. మన పాత తెలుగు రికార్డులనూ అలా అడగాలి. పాడింది తెర మీది నటేనా, వేరేవాళ్లా? సినిమాలో ఉన్న పాటంతా ఇందులో ఉందా? పది అంగుళాల 78 ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. ఆ కొలతకు పాటను కుదించేవారు, లేకపోతే రెండు వైపులకూ పంచేవారు. రికార్డు కోసం విడిగా మళ్లీ పాడిన రోజులూ ఉన్నాయి. తొలినాళ్ల సినిమాలు కొన్నిటి ప్రింట్లు ఇప్పుడు లేవు. అలాంటి సినిమా నుంచి మనకు మిగిలింది ఆ లక్క పళ్లెం మీది మూడు నిమిషాలే కావచ్చు. దాన్ని కొని కూడా అందులో ఏముందో నలుగురికీ చెప్పకపోతే ఎలా? మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు వేల మీద 78లు పోగుచేశారు. వీలు చూసుకుని ఆయన రాసిన ఆలాపన చదువు. కొన్నవాటి గురించి మాట్లాడటం ఎలాగో అందులో తెలుస్తుంది.

నీ దగ్గరున్న ఒక 78 లేబుల్ మీద ఎవరిదో సౌండ్ సర్వీసు రబ్బరు స్టాంపు ఉందని చిన్నబుచ్చుకున్నావట. దాన్ని గీకకు. మైకుసెట్టువాళ్లు కొన్న రికార్డది. పెళ్లిళ్లలో, తిరునాళ్లలో, టూరింగ్ టాకీసు ఆట మొదలయ్యే ముందు మోగి ఉంటుంది. ఆ పాట ఊళ్లలోకి ఏ దారిన వెళ్లిందో చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. కాకపోతే అలాంటి రికార్డు గాడి అరిగి ఉంటుంది. వెలుగులో వాల్చి చూస్తే నల్లగా నిగనిగలాడాల్సిన చోట బూడిదరంగు చార కనపడుతుంది. అది చూసి ధర మాట్లాడు. స్టాంపును మాత్రం ఫొటోలో కనపడనీ.

ఇంకోటి, ఇది వెంటనే వినాల్సిన మాట. స్పిరిటుతో రికార్డులు తుడుస్తున్నావని అమ్మ చెప్పింది. ఎల్పీలు వినైల్, వాటికి నీళ్లలో కాస్త కలిపి వాడితే ఫరవాలేదు. 78లకు మాత్రం దాన్ని తాకించకు. అవి లక్కతో చేసినవి, లక్క స్పిరిటులో కరుగుతుంది. వడ్రంగులు బల్లలకు పెట్టే లక్క పాలిష్ తయారయ్యేదే అలా. ఒక్కసారి తుడిచావంటే గాడి పాడైపోతుంది, మళ్లీ రాదు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులుపు. మరీ మురికిగా ఉంటే డిస్టిల్డ్ వాటర్లో చుక్క సబ్బు వేసి, లేబుల్ తడవకుండా తుడిచి, వెంటనే పొడిబట్ట అద్ది ఆరబెట్టు. ముల్లు కూడా వేరే ఉండాలి. 78 గాడి వెడల్పు, దానికి 75 మైక్రాన్ల ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు 18 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అది 78 గాడి అడుగున పడి కొట్టుకుంటుంది. గరగర ఎక్కువగా ఉందని నువ్వు రికార్డును తిట్టుకుంటున్నావేమో, ఒకసారి ముల్లు చూసుకో. అన్నిటినీ నిలబెట్టి ఉంచు, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే వంకరపోతాయి.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి బాలాజీ పంచరత్నమాలలో నీకు ఒక్క ఎల్పీయే దొరికింది. అవి మొత్తం అయిదు. తిరుమల తిరుపతి దేవస్థానం తలపెట్టి చేయించిన పని అది. అందులోని అన్నమయ్య కీర్తనలు కొన్నిటికి నేదునూరి కృష్ణమూర్తి గారు బాణీలు కట్టి ఆమెకు నేర్పారు. తమిళ దేశంలో పుట్టిన ఆమె మన పదకర్త మాటలను ఒక్క అక్షరం నలగకుండా ఎలా పలికారో విను. మీలో ఎవరి దగ్గరైనా మిగతా నాలుగూ ఉంటే నీదీ వాళ్లకిచ్చెయ్. నీ దగ్గరే నాలుగు చేరితే అయిదోది వాళ్లను అడుగు. పద్యనాటకాల రికార్డులకీ ఇదే మాట. సెట్టులో ఒకటి నీ ఇంట్లో, రెండు ఇంకో ఊళ్లో ఉంటే నాటకం ఎక్కడా పూర్తిగా ఉండనట్టే.

పెద్దవాళ్లు పోయిన ఇళ్ల నుంచి కొనేటప్పుడు జాగ్రత్త. అక్కడ అమ్మేవాళ్లకు అవేమిటో తెలియదు, ఖాళీ అయితే చాలనుకుంటారు. కారుచౌకగా వచ్చిందని మీ వాళ్ల ముందు చెప్పుకోవడానికి అది సందర్భం కాదు. అందులో విలువైనవి ఏవో వాళ్లకు చెప్పి, తగిన డబ్బిచ్చి తీసుకో. అవి కొన్నాయన ఏ పాట ఎక్కువ వేసుకునేవారో ఇంటివాళ్లను అడుగు. చెబితే రాసుకో, అదీ మీ ఆదివారం కూటంలో చెప్పాల్సిన విషయమే.

అమెరికాలో 2022లో సీడీల కన్నా ఎల్పీలే ఎక్కువ అమ్ముడయ్యాయి. ఆ వేడి మనదాకా వచ్చింది, పాతవాటి ధరలు పెరుగుతున్నాయి. పెరగనీ, నువ్వు డబ్బంతా పాతవాటికే పెట్టకు. కచేరీకి వెళ్లినప్పుడు హాలు బయట బల్ల మీద పాడినవాళ్ల సీడీలు పెడతారు, ఎవరూ వంగి చూడరు. అవీ కొను, అవీ ఆ దుప్పటి మీద పెట్టు. బతికున్న విద్వాంసుడికి ఆ డబ్బు చేరుతుంది.

నీ ఫొటోలో చిట్టిబాబు వీణ ఎల్పీ ఉంది. కాకినాడ మనిషి, ఈమని శంకరశాస్త్రి గారి శిష్యుడు. వీణ మీద గొంతు పలికించాలని జీవితమంతా శ్రమపడ్డారు. వచ్చే నెల మిగతావేవీ పెట్టకుండా అదొక్కటే ఫొటో తీసి పంపు. రెండు వైపులూ విన్నాక, ఎక్కడ వీణ కాదు, ఎవరో పాడుతున్నారనిపించిందో ఆ చోటు రాయి. నాకు తోచిన చోటు ఒకటి ఉంది. నీకూ అక్కడే అనిపించిందా అని చూడాలి. 78 ముల్లుకి డబ్బు నీ ఖాతాలో వేశాను.

ఇట్లు,
మీ మామయ్య