ఏ నీళ్ళకు ఏ ఫిల్టరు?

సెలవులకు ఇంటికి వెళితే చాలు, "కెమిస్ట్రీ చదువుతున్నావు గదా, ఏ ఫిల్టరు కొనమంటావు?" అని అడుగుతారు. ముందు మీ కుళాయికి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో చెప్పమంటాను నేను.

కాలువ నీళ్ళయితే భయం బురదతోను, రోగక్రిములతోను. క్యాండిల్ ఫిల్టరులో పోసి మరగకాస్తే చాలు. బోరునీళ్ళ సంగతి వేరు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల భూగర్భజలంలోని ఫ్లోరైడు కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. నీటిలో కరిగివుంటుంది కనుక క్యాండిల్ దాన్ని ఆపలేదు. మరగకాస్తే ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడు కాదు. అంటే గాఢత ఇంకా పెరుగుతుందన్నమాట! అల్ట్రావయొలెట్ దీపం క్రిముల్ని చంపుతుందేగాని దీని జోలికి పోదు.

మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు. అంతకు బాగా మించిన నీళ్ళు ఏళ్ళతరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు వంగుతాయి. వంగిన ఎముకను ఏ మందూ సరిచేయలేదు. అందుకే డబ్బు ఫిల్టరు మీద పెట్టకముందే ఒక సీసా నీళ్ళు పరీక్షకివ్వమంటాను.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తేర్చే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ రూపొందించింది. దాని పేరే నల్లగొండ పద్ధతి! ఇంట్లోకయితే యాక్టివేటెడ్ అల్యూమినా ఉంది, కాని దాని శక్తి తరిగినప్పుడల్లా క్షారంతో కడిగి పునరుద్ధరించాలి. ఆర్.ఓ. కూడా పనిచేస్తుంది, పోసినదాంట్లో చాలాభాగం బయటికి వదిలేస్తుంది. ఆ వదిలిన నీళ్ళతో గచ్చు కడగండి, వంటకు మాత్రం వాడకండి.