ముక్కు ఎందుకు బిగుస్తుంది?

ధనుర్మాసం. తెల్లవారుజామున చీపురుపల్లి స్టేషనుకు బయలుదేరారనుకోండి. జలుబుతో ముక్కు బిగిసిపోయి నోటితో గాలి పీలుస్తున్నారు. ఇంతలో రైలు కూత వినబడింది. పరుగు లంకించుకున్నారు! రైలెక్కి కూర్చున్నాక చూస్తే ముక్కు తేలికగా ఉంది. కాసేపటికి మళ్లీ బిగిసింది. మందేమీ వేసుకోలేదే! మరి ముక్కును తెరిచిందెవరు?

చీమిడి అడ్డుపడి ముక్కు బిగుస్తుందని అనుకుంటాం. అది సగమే నిజం. ముక్కు లోపలి గోడలనుంచి చుట్టిన ఆకుల్లాంటి పలుచని ఎముకలు పొడుచుకువచ్చి ఉంటాయి. వాటిని కప్పిన శ్లేష్మపొరలో స్పాంజి వంటి సిరల అల్లిక ఉంది. అందులో రక్తం నిండితే పొర ఉబ్బి గాలిదారి ఇరుకవుతుంది. రక్తం తగ్గితే దారి తెరుచుకుంటుంది.

ఆ రక్తనాళాల గోడల్లో నునుపు కండరాలున్నాయి. వాటి కణాలపై ఆల్ఫా గ్రాహకాలనే ప్రోటీనులుంటాయి. గ్రాహకం తాళమైతే ఎడ్రినలిన్, నార్‌ఎడ్రినలిన్‌లు తాళంచెవులు. మీరు పరుగెత్తినప్పుడు సహానుభూత నాడుల కొనలనుంచి నార్‌ఎడ్రినలిన్, మూత్రపిండాల పైనున్న అధివృక్క గ్రంథులనుంచి ఎడ్రినలిన్ వెలువడతాయి. అవి ఆల్ఫా గ్రాహకాలను చేరగానే కండరాలు ముడుచుకుంటాయి, నాళాలు సన్నబడతాయి, ముక్కు తెరుచుకుంటుంది.

చిత్రమేమిటంటే, అదే ఎడ్రినలిన్ ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాల కండరాలను సడలిస్తుంది! ఒకే తాళంచెవి రెండు పనులెలా చేస్తుంది? తాళాలే వేరువేరని 1948లో అమెరికా శాస్త్రజ్ఞుడు రేమండ్ ఆల్‌క్విస్ట్ సూచించాడు. వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. గాలిగొట్టాలను సడలించేవి బీటా గ్రాహకాలు.

మందుల షాపులో దొరికే జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు ఆల్ఫా తాళాలకు సరిపడే మారు తాళంచెవులు. నిమిషాలలో ముక్కును తెరుస్తాయి. కాని రోజుల తరబడి వేసుకుంటే వాటి ప్రభావం తగ్గిపోతుంది. మందు పట్టు వదలగానే పొర మునుపటికంటె ఎక్కువగా ఉబ్బవచ్చు. మళ్లీ చుక్కలు, మళ్లీ ఉబ్బు! జలుబు పోయినా ముక్కు బిగింపు పోదు. అందుకే డాక్టరును అడగకుండా వాటిని వాడకండి. వాడినా మూడు నుంచి ఐదు రోజులు దాటనివ్వకండి. పెద్దల చుక్కలు ఇంట్లో పసిపిల్లలకు వేయనేకూడదు.

చేసి చూడండి: జలుబు లేనిరోజున చల్లని అద్దాన్ని ముక్కుకింద పెట్టి ఊపిరి వదలండి. రెండు ఆవిరి మచ్చలు ఏర్పడతాయి. ఏది పెద్దది? గంటకొకసారి చూసి రాసుకోండి. చాలామందిలో కొన్ని గంటలకు పెద్ద మచ్చ రెండోవైపుకు మారుతుంది. ముక్కు రంధ్రాలు అలా వంతులు వేసుకుంటాయి. ఆ వంతులు నడిపేవి కూడా సహానుభూత నాడులే!