సంతకంతో ఆగిపోకండి

2024 ఆగస్టు 8న రాష్ట్రమంతటా సర్కారు బడుల్లో యాజమాన్య కమిటీలకు ఎన్నికలు జరిగాయి. తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లోనూ తల్లిదండ్రులు తరగతికి ముగ్గురు చొప్పున తమవాళ్లను ఎన్నుకున్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లే ఉండాలి. ఒకటి నుంచి ఎనిమిది దాకా ఉన్న బడిలో ఎన్నికైన సభ్యులే 24 మంది. పంచాయతీలో కూడా అంతమంది వార్డు మెంబర్లు ఉండరు.

ఇంతమంది ఉండీ జరిగేదేమిటి? అయ్యోరు కబురు పెడతారు, మెంబరమ్మ పోతుంది, తీర్మానాల పుస్తకంలో చూపించిన చోట సంతకం పెట్టి వచ్చేస్తుంది. కొన్ని ఊళ్లలో ఆ సంతకానికి కూడా మొగుడే పోతాడు. "మాకేం తెలుసు సార్, మీరెట్ల చెబితే అట్లే" అనే మాటలో మర్యాద ఉంది, నిజమే. ఆ మర్యాదకు మూల్యం చెల్లించేది మాత్రం పిల్లలు.

మీరు కమిటీ మెంబరైనా, ఊళ్లో నలుగురు తల్లులను కూడగట్టి నేర్పించాలనుకునే డిగ్రీ కుర్రాళ్లయినా ఈ మాటలు మీకే. అధికారి ముందు నోరు పెగలడం పుట్టుకతో వచ్చేది కాదు. నేర్పితే వస్తుంది, నాలుగుసార్లు చేస్తే అలవాటవుతుంది.

ముందు హక్కు తెలియాలి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సింది ఆ కమిటీయే. ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న బడిలో 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని, ఏడాదికి 200 రోజులు బడి నడవాలని చట్టం షెడ్యూలులోనే ఉంది. సమగ్ర శిక్ష కింద పిల్లల సంఖ్యను బట్టి బడికి ఏటా గ్రాంటు కూడా వస్తుంది. అక్షరం రాని అవ్వకైనా ఈ ఐదు సంగతులు నోటికి రావాలి. మొదటి సమావేశంలో ఇంతకు మించి చట్టం చెప్పకండి, తలకెక్కదు.

ఆ తర్వాత అందరూ లేచి బడంతా తిరగండి. కుళాయి తిప్పండి. వంటగదిలో బియ్యం మూట విప్పి చూడండి. మరుగుదొడ్డి తలుపు లోపలి నుంచి గడియ పెట్టి చూడండి. చూసింది చూసినట్టు రాయించండి. "మా బడిలో మరుగుదొడ్లు సరిగా లేవు, తమరు దయతో పరిశీలించగలరు" అని రాసిన అర్జీ బీరువాలో పడుంటుంది. "ఆడపిల్లలు 62 మంది. రెండు మరుగుదొడ్లలో ఒకదానికి గడియ లేదు. రెండోదానికి వేసవి సెలవుల తర్వాత నీళ్లు రాలేదు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు మధ్యాహ్నం ఇంటికి వెళ్లి తిరిగి రావడం లేదు" అని రాయండి. ఇది చదివిన అధికారి ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు.

శిక్షణలో నేను అన్నిటికన్నా విలువిచ్చేది రిహార్సల్‌కి. ఒకరిని మండల విద్యాధికారిగా (ఎంఈఓ) కుర్చీలో కూర్చోబెట్టండి. ఫోను చూసుకుంటూ, "ఏం కావాలమ్మా, తొందరగా చెప్పండి" అని విసుక్కోమనండి. ఎదురుగా నిలబడ్డ అక్క మొదటిసారి "ఏం లేదు సార్, ఊరికే వచ్చినాం" అంటుంది. నవ్వకండి, మళ్లీ చేయించండి. రెండోసారికి ఊరి పేరు, బడి పేరు చెబుతుంది. మూడోసారికి కాగితం చేతికిచ్చి, "ఎప్పటికి చేయిస్తారు సార్? తేదీ చెప్పండి, ఊళ్లో మావాళ్లకు చెప్పుకోవల్ల" అంటుంది. "నిధులు లేవమ్మా" అని కుర్చీలోంచి జవాబొస్తే? "ఆ మాటే దీని మీద రాసియ్యండి సార్." ఈ ఒక్క వాక్యం గొంతు పెంచకుండా, తల దించకుండా చెప్పగలిగిన రోజు ఆమెకు సగం శిక్షణ అయిపోయినట్టే.

నిజంగా పోయేటప్పుడు ఒంటరిగా పోవద్దు, యాభై మందితోనూ పోవద్దు. ఐదుగురు చాలు. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ఎంఈఓ దగ్గర కదలకపోతే కలెక్టరేట్లో సోమవారం అర్జీలు తీసుకుంటారు. 2005 సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి.

జనం అడిగితే ఏమవుతుందనేవాళ్లకు 2022 గుర్తుచేయండి. ఆ ఏడాది జూన్‌లో 117 నంబరు జీవో వచ్చింది. చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లలో కలిపేశారు. జూలైలో బడులు తెరవగానే రాష్ట్రమంతా తల్లిదండ్రులు పిల్లలతో సహా రోడ్డెక్కారు. ఎనిమిదేళ్ల బిడ్డ లారీలు తిరిగే రోడ్డు దాటి పోవాలా అని అడిగారు. టీచర్ల సంఘాలూ వాళ్లతో కలిశాయి. మూడేళ్లకు, 2025లో, ఆ జీవో రద్దయింది. ప్రభుత్వం మారడం కూడా అందుకు కారణమే, కాదనను. కానీ రోడ్డు, వాగు, రైలు గేటు అని పేరుపెట్టి చెప్పిన అభ్యంతరాన్ని ఊరికే పక్కన పెట్టడం ఏ ప్రభుత్వానికీ తేలిక కాదు.

నాకు బాధ కలిగించేది ఇంకోటుంది. గోడలు, బల్లలు, కుళాయిల దగ్గరే మన అడగడం ఆగిపోతుంది. "బిడ్డకు చదువొచ్చిందా?" అని అడగాలంటే చదువుకోని తల్లికి జంకు. దీనికి మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే మంచి దారి దొరికింది. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడుపుతూ, ఊళ్లోనే పిల్లల చేత మెట్రిక్ మేళాలు పెట్టించారు. పిల్లలే అంగళ్లు పెడతారు, తక్కెడ పట్టి తూస్తారు, చిల్లర లెక్కగట్టి ఇస్తారు. కొనేది ఊరివాళ్లే. సంతలో జీవితమంతా బేరమాడిన తల్లికి బిడ్డ లెక్క సరిగా చేశాడో లేదో ఒకరు చెప్పాల్సిన పనుందా? మీ బడి ఆవరణలో మీరూ ఒక శనివారం పెట్టించండి. "టమేటా కిలో 24 రూపాయలు, ముక్కాలు కిలో ఎంతరా అబ్బోడా?" అని అడగండి. ఐదో తరగతి పిల్లల్లో ఎందరు 18 అన్నారో రాసుకోండి. తర్వాతి సమావేశంలో మొదటి అంశం అదే కావాలి.

అయితే ఆ లెక్కను అయ్యోరి మీదికి విసరకండి. ఐదు తరగతులను ఒక్కడే చూసుకుంటూ, మధ్యలో యాప్‌లో ఫొటోలు ఎక్కించే మనిషికి మీరు తోడు కావాలి. "సార్, మీకేం అడ్డమొస్తోంది?" అని ముందు ఆయన్ను అడగండి. ఇంకో టీచరు కావాలని ఆయన రాస్తే పైవాళ్లు పట్టించుకోకపోవచ్చు. అదే మాట కమిటీ తీర్మానం చేసి, ఇరవై మంది తల్లులు సంతకం పెట్టి తీసుకెళ్తే దాని బరువు వేరు. సంతకానికి అసలు పని అక్కడుంది.

కమిటీ కాలం రెండేళ్లే. రెండో ఏడు నడుస్తుండగానే చిన్న తరగతుల తల్లులను ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని ఆఫీసులకు పోండి. అర్జీ వాళ్ల చేతే రాయించండి, కుర్చీ ముందు వాళ్లనే మాట్లాడనివ్వండి. ముద్ర పడిన పాత అర్జీలన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఏ పని అయింది, ఏది మిగిలింది పైన రాసి, వాళ్లకు అప్పగించండి.