తాతగారి తాత ఎవరు? – వంశవృక్షం రాసుకునే పద్ధతి



కొన్నేళ్ళ క్రితం ఎనిమిదో తరగతి పిల్లలను ఒక ప్రశ్న అడిగాను: "మీ తాతగారి తాత పేరేమిటి?" నలభై మందిలో ముగ్గురు చెప్పగలిగారు. ఇంటికి వచ్చాక అదే ప్రశ్న నన్ను నేను వేసుకుంటే నాకూ జవాబు తెలియలేదు. అప్పుడు మొదలుపెట్టిన పని ఆరేళ్ళు పట్టింది. మన సొసైటీ సభ్యులలో చాలామంది తమ వంశ చరిత్ర రాసుకోవాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదని అంటుంటారు. నేను చేసిన పొరపాట్లతో సహా ఆ పద్ధతిని ఇక్కడ పాఠంలా రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు. మా వారసులే కాదు, ఇతరుల వారసులు కూడా ఇందులో ఉన్నారు.

1. ముందు ఇంట్లో విన్నది రాసుకోవాలి

కాగితాల కంటే ముందు మనుషుల దగ్గరకు వెళ్ళాలి. కాగితం రేపటికైనా ఉంటుంది, ఎనభై ఏళ్ళ మేనత్త ఉండకపోవచ్చు. ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకోవాలి. మనకు తప్పనిపించినా దిద్దకూడదు.

మా నాయనమ్మ చెప్పిన మాటలు ఇవి. "మన పెద్దాయన కరువులో పడమటి నుంచి వచ్చాడు. భుజాన విల్లు పెట్టుకొని వచ్చాడు. ఈ ఊళ్ళో మొదటి సాయిబుల ఇల్లు మనదే. ఆయనకు ఇద్దరు కొడుకులు." ఈ నాలుగు మాటలే మాకు మిగిలిన చరిత్ర. మా అన్నదమ్ములు వీటికి ఇంకొంత చేర్చారు. విల్లు పట్టుకొని వచ్చాడంటే నవాబు గారి సైన్యంలో విలుకాడే అయి ఉంటాడని చెప్పుకునేవారు. నేనూ చాలా ఏళ్ళు అదే నమ్మాను.

2. కాలం లెక్క సరిచూసుకోవాలి

మన ఇళ్ళలో పెద్దలు సంవత్సరాలు చెప్పరు. కరువు, వరద, గాలివాన చెబుతారు. వాటికి సంవత్సరాలు తెలిసే ఉన్నాయి. గుంటూరు ప్రాంతాన్ని పాడుచేసిన నందన కరువు 1832–33లో వచ్చింది. బందరు ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చింది. ధాత కరువు 1876–78 నాటిది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న.

మరి మా పెద్దాయన వచ్చింది ఏ కరువులో? దీనికి తరాల లెక్క వేయాలి. మా నాన్నగారి పుట్టిన తేదీ బడి రిజిస్టరులో 1935 జూలై 1 అని ఉంది. ఆ తేదీని నేను అక్షరాలా నమ్మను. బడిలో చేర్చేటప్పుడు తేదీ తెలియని పిల్లలకు జూలై 1 వేయడం మా మాస్టర్ల పాత అలవాటు. సంవత్సరం మాత్రం ఇంచుమించుగా సరిపోతుంది. తరానికి సుమారు ముప్పై ఏళ్ళ చొప్పున వెనక్కి వెళితే తాతగారు 1905 ప్రాంతంలో, ముత్తాత 1875 ప్రాంతంలో, ఆయన తండ్రి 1845 ప్రాంతంలో పుట్టి ఉండాలి. నందన కరువు నాటికి పెద్దాయన పుట్టనే లేదు. ధాత కరువు నాటికి ముప్పై ఏళ్ళవాడు. పల్నాటి మెట్ట ఎండిపోయిన ఆ రోజుల్లో, 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట కాలువలు డెల్టాలో పారుతున్నాయి. పడమటి నుంచి తూర్పుకు రావడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

కాగితాలలో మూడు రకాల సంవత్సరాలు కనిపిస్తాయి. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. మన ప్రాంతంలో ఫసలీ జూలైలో మొదలవుతుంది కనుక ఫసలీ 1310 అంటే 1900–01. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం, సుమారు 354 రోజులే. అందుకని హిజ్రీని 0.97తో గుణించి 622 కలపాలి. పాత దస్తావేజులలో తెలుగు సంవత్సరం పేరు కూడా ఉంటుంది. అది అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది కనుక ఏ ఆవృత్తమో పక్కనున్న వేరే ఆధారంతో తేల్చుకోవాలి.

3. ఏ కాగితం ఎక్కడ ఉంటుంది?

భూమి రికార్డు అన్నిటికంటే ముఖ్యం. కోస్తా గ్రామాలకు రీ–సెటిల్‌మెంట్ రిజిస్టరు ఉంటుంది. తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో ఉన్నందున దాన్ని డైగ్లాట్ అంటారు. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు అందులో ఉంటాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక గ్రామ రికార్డులు రెవెన్యూ కార్యాలయాలకు చేరాయి. తెలంగాణ వారు సేత్వార్, 1954–55 నాటి ఖాస్రా పహాణీ చూడాలి. నిజాం కాలపు ఉర్దూ, ఫారసీ కాగితాలకు హైదరాబాదు తార్నాకలోని పురాభిలేఖాగారం, మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని పురాభిలేఖాగారం ఆధారం.

ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను. 1880ల నాటి కాగితాల కోసం గుంటూరు జిల్లా పేరుతో వెతికాను. గుంటూరు జిల్లా 1859లో రద్దయి, తిరిగి 1904లో ఏర్పడింది. మధ్యలోని నలభై అయిదేళ్ళు మా ఊరు కృష్ణా జిల్లాలో ఉంది. వెతికే ముందు ఆ సంవత్సరంలో మీ ఊరు ఏ జిల్లాలో ఉండేదో తెలుసుకోండి.

రెండవది రిజిస్ట్రేషన్ దస్తావేజు. మన ఇంటి దస్తావేజులే కాక పక్క పొలం వారివి కూడా చూడాలి. ఎందుకో కింద చెబుతాను. మూడవది ఖాజీ గారి నికాహ్ రిజిస్టరు. వధూవరుల తండ్రుల పేర్లు, ఊళ్ళు, మెహర్, వకీలు, సాక్షులు అందులో ఉంటారు. నాలుగవది బడి అడ్మిషన్ రిజిస్టరు. జనాభా లెక్కల్లో దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. వ్యక్తుల వివరాలు చట్టప్రకారం రహస్యం కనుక ఆ దారి లేదు.

4. విన్నదాన్ని, చూసినదాన్ని పక్కపక్కన పెట్టాలి

డైగ్లాట్‌లో మా ముత్తాత పేరు ముందు "దూదేకుల" అని ఉంది. పాత దస్తావేజులోనూ అలాగే ఉంది. ఆ రోజు రిజిస్టరు మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. పెద్దాయన భుజాన ఉన్నది బాణాలు వేసే విల్లు కాదు, దూదేకే విల్లు! నిలువెత్తు కర్రకు నరం బిగించి, కొయ్య గూటంతో కొడుతూ పత్తిని ఏకే పనిముట్టు అది. నాయనమ్మ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. విల్లు అన్నది, విల్లే. దానికి సైన్యాన్ని తగిలించింది మేము.

మన ఇళ్ళలో ఇది తరచు జరుగుతుంది. దూదేకుల, నూర్‌బాషా అని చెప్పుకోవడానికి సిగ్గుపడి ఎక్కడో అరబ్బు దేశంలో మూలపురుషుణ్ణి వెతుకుతాం. తండ్రిని కాదని వేరొకరి వంశం తనదని చెప్పుకోవడాన్ని మన ధర్మం గట్టిగా వారించింది. కరువులో భార్యాబిడ్డలతో నడిచివచ్చి, ఊరి పరుపులూ బొంతలూ ఏకి, ఆ కూలితో అయిదెకరాలు కొన్న మనిషి నాకు ఏ విలుకాడికీ తీసిపోడు.

5. కాగితంలో లేనివారిని వెతకాలి

అసలు పాఠం ఇది. పెద్దాయనకు అయిదెకరాలు. ఆయన తరువాత ఇద్దరు కొడుకుల పేర చెరి రెండున్నర ఎకరాలు నమోదయ్యాయి. నాయనమ్మ చెప్పిన "ఇద్దరు కొడుకులు" అన్న మాటకు సరిపోయింది. అక్కడితో ఆపేసేదాన్నే.

పక్క పొలం వారి పాత అమ్మకం దస్తావేజు ఒకటి చూడడం తటస్థించింది. హద్దులలో "పడమర" అన్నచోట ఒక స్త్రీ పేరు, తండ్రిగా మా పెద్దాయన పేరు, ఆమె పొలం అని ఉంది. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ వినలేదు. తరువాత దగ్గరి పట్టణంలో ఖాజీ గారి పాత రిజిస్టరులో హిజ్రీ 1303 నాటి నికాహ్ కనిపించింది. లెక్క వేస్తే అది 1885–86. వధువు పేరు అదే, తండ్రి పేరు అదే, ఊరు మాదే. ఆమె పెద్దాయన పెద్ద కూతురు.

షరీఅత్ ప్రకారం కొడుకుకు రెండు భాగాలైతే కూతురికి ఒక భాగం. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు అంటే మొత్తం అయిదు భాగాలు. అయిదెకరాలలో కొడుకులకు రెండేసి ఎకరాలు, కూతురికి ఒక ఎకరం రావాలి. చివరి రిజిస్టరులో ఆమెకు ఏమీ లేదు. ఆమె అమ్మినట్టు గానీ, వదులుకున్నట్టు గానీ కాగితం నాకు దొరకలేదు. కాబట్టి మా ముత్తాతలు లాక్కున్నారని నేను రాయలేను. ఆమె ఇష్టపడి ఇచ్చిందనీ రాయలేను. ఆ రోజుల్లో ఆడపిల్లలకు భూమి ఇవ్వని ఆచారం చాలా ఇళ్ళలో ఉండేది. 1937 షరీఅత్ చట్టం కూడా మొదట వ్యవసాయ భూమిని మినహాయించింది. మద్రాసు రాష్ట్రంలో 1949 సవరణతో గానీ అది భూమికి వర్తించలేదు.

ఆమె మునిమనవళ్ళ ఇల్లు పక్క మండలంలోనే ఉంది. వెళ్ళి నేను ఎవరినో చెప్పగానే ఆ ఇంటి పెద్దావిడ, "మా జేజి పుట్టిల్లు మీ ఊరే కదమ్మా" అంది. వాళ్ళు మా ఊరిని మరచిపోలేదు. మేమే ఆమెను మరచిపోయాం.

బక్రీద్ నాడు ఇంట్లో ఈ సంగతి చెబితే మా బాబాయి కోప్పడ్డారు. "పోయినవాళ్ళ గొడవ ఇప్పుడెందుకమ్మా? రేపు వాళ్ళు వాటా అడిగితే?" అన్నారు. ఆ భయం నాకు అర్థమైంది. కానీ ఆ పొలం మా నాన్నగారి చేతి మీదుగా ఎప్పుడో అమ్ముడుపోయింది. ఆ డబ్బుతోనే నేను బి.ఇడి. చదివాను. నేనూ ఒక ఇంటి ఆడపడుచునే. నా చదువులో ఆమె ఎకరం ఎంత ఉందో నాకు తెలియదు గానీ, లేదని మాత్రం అనలేను.

బాబాయిని మళ్ళీ మళ్ళీ అడిగాను. చివరికి ఆయనే తన చేతి రాతతో వంశవృక్షంలో ఇద్దరు తమ్ముళ్ళకు ముందు ఆ అక్క పేరు రాశారు. ఆ ఇంటి ఆడపిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆమె ఫీజు నేను కడుతున్నాను. దాన్ని జకాత్ లెక్కలో వేయడం లేదు. అది బాకీ, జకాత్ కాదు.

ఇంట్లో చేయవలసిన అభ్యాసం

ఈ సంచిక చదివినవారు వచ్చే సెలవుల్లో నాలుగు పనులు చేయండి. ఇంట్లో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చొని విన్నది రాసుకోండి. వారు చెప్పిన కరువుకో, వరదకో సంవత్సరం పట్టుకోండి. ఇంట్లోని ఒక పాత దస్తావేజును హద్దులతో సహా చదవండి. చివరగా, ప్రతి తరంలోనూ "ఆడపిల్లలు ఎందరు? వారి పేర్లేమిటి?" అని అడగండి. జవాబు రాకపోతే ఆ చోట గీత గీసి ఖాళీగా ఉంచండి, కొట్టివేయకండి. ఎవరో ఒకరు ఎప్పుడో దాన్ని నింపుతారు.

మన పెద్దలందరినీ, పేరు తెలిసినవారినీ తెలియనివారినీ, అల్లాహ్ మన్నించుగాక. వారి హక్కులు తీర్చే బుద్ధిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.