అడుగున మిగిలే మడ్డికి భయపడకండి

ఫ్రెంచ్ ప్రెస్ (పిడి నొక్కితే జల్లెడ కాఫీ పొడిని అడుక్కి దింపే గాజు జాడీ) కాఫీ గురించి ఆర్మూర్ నుంచి, ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ వారం జవాబులు.

మా చిన్నోడు దుబాయ్ నుంచి గాజు కాఫీ జాడీ తెచ్చిండు. మొన్న మీది పిడి పట్టి గట్టిగ నొక్కితే కాఫీ ఎగజిమ్మి చెయ్యి కాలింది. అప్పటి సంది దాన్ని ముట్టాలంటెనే భయమైతుంది. గాజు పేలుతదా?
ఒక తల్లి, పెర్కిట్

ముందు మీ చెయ్యి సంగతి చూద్దామమ్మా. ఎరుపు, మంట రోజురోజుకూ తగ్గుతుంటే కంగారు లేదు. బొబ్బలు పెద్దవైనా, చీము పట్టినా డాక్టరుకు చూపించండి. జాడీ దానంతట అది పేలదు. పొడి మరీ మెత్తగా ఉంటే లోపలి జల్లెడ కన్నాలు పూడుకుపోతాయి, కింద చిక్కుకున్న వేడి నీళ్ళు అంచుల వెంబడి తోసుకొచ్చి పైకి చిమ్ముతాయి. మీకు జరిగింది అదే. ఉప్మా రవ్వంత బరకగా పట్టిన పొడి వేయండి, నీళ్ళు అంచుకు రెండు వేళ్ళు తక్కువగా పోయండి, పిడి మీద అరచెయ్యి ఆనించి మెల్లగా దింపండి. బిగుసుకుంటే బలం చూపించకండి, కాస్త పైకి లాగి మళ్ళీ దింపండి. గాజు మీద వెంట్రుకంత పగులు కనిపిస్తే మాత్రం ఆ రోజు నుంచే అందులో వేడి నీళ్ళు పోయడం మానేయండి. ఈ జాడీని పొయ్యి మీద ఎప్పుడూ పెట్టకూడదు.

కప్పు అడుగున నల్లని మడ్డి మిగులుతోంది. మా మనవరాలు అదీ తాగేసింది. కడుపులో రాళ్ళు కడతాయని పక్కింటామె అంటోంది.
ఒక నాయనమ్మ, ఆర్మూర్

రాళ్ళు కట్టవండీ, నిశ్చింతగా ఉండండి. అది జల్లెడలోంచి జారిన కాఫీ నలక, ఈ పద్ధతిలో కొంచెం దిగడం మామూలే. నొక్కాక రెండు నిమిషాలు ఆగి కప్పులో వంచితే చాలావరకు జాడీలోనే ఉండిపోతుంది, చివరి గుక్కెడు వదిలేయండి. మడ్డి కన్నా నేను ఆలోచించేది పాప వయసు గురించి: చిన్నపిల్లలకు కాఫీ అలవాటు చేయవద్దు, నిద్ర చెడుతుంది.

వాకిట్ల పసుపు ఉడకబెట్టి ఆరబోసినం. కొమ్ముల సంచులు వంటింటి పక్క అర్రలనే ఉన్నయి. కాఫీ అంతా పసుపు వాసన కొడుతుంది, జాడీ మూత రబ్బరు కూడ పచ్చగైంది. మా మామకు షుగరు ఉంది. ఇది తాగితే ఏమన్న అయితదా?
ఒక కోడలు, బాల్కొండ

ఏమీ కాదు, మీ మామగారికీ ఏమీ కాదు. ఆయన కప్పులో చక్కెర వేయకపోతే చాలు. మీ పొడి చెడిపోలేదు, పక్కనున్న వాసనను పీల్చుకుంది. వేయించిన కాఫీ గింజ నిండా కంటికి ఆనని రంధ్రాలుంటాయి, వాటిలో నూనె ఉంటుంది; చుట్టూ ఏ ఘాటు ఉంటే దాన్ని పట్టేసుకుంటుంది. పసుపు ఘాటు కూడా గాలిలోకి లేచే నూనెలదే. జనవరి నుంచి మార్చి దాకా మీ వైపు ఏ ఇంట్లోనైనా ఉడకబెట్టడం, ఆరబోయడం, డ్రమ్ములో పాలిష్ పట్టడం సాగుతూనే ఉంటాయి. సరుకు నిజామాబాద్ యార్డుకు చేరేదాకా ఆ వాసన ఇల్లు వదలదు. అందుకని ఈ మూడు నెలలూ కాఫీ పొడి 100 గ్రాములకు మించి కొనకండి. మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో పోసి, వంటింట్లో కాకుండా పడకగది బీరువాలో పెట్టండి. ఫ్రిజ్ వద్దు, అక్కడ చెమ్మ తగులుతుంది, కూరల వాసనలూ అంటుకుంటాయి. గింజలు కొని ఇంట్లోనే పట్టుకునేవాళ్ళకు ఒక మాట గట్టిగా చెబుతాను: పసుపు, మసాలా పట్టే మిక్సీ గిన్నెలో కాఫీ గింజలు వేయకండి, ఎంత కడిగినా వాసన పోదు. రబ్బరుకు పట్టిన పచ్చదనాన్ని తోమి తోమి అలసిపోవద్దు, కడిగి రెండు రోజులు ఎండలో పెట్టండి, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. పొడి చెమ్మగిల్లి గడ్డ కట్టినా, బూజు కనిపించినా అప్పుడు మాత్రం ఆలోచించకుండా పారేయండి.

ఫిల్టర్ కాఫీకి వాడే పొడే వేశాను. నల్లగా, చేదుగా వచ్చింది. నాకు చేతకాలేదా, పొడి కల్తీదా?
ఒక ఉపాధ్యాయుడు, ఆర్మూర్

మీ చేతిలో లోపం లేదు, కల్తీ అని కూడా అనుకోవద్దు. ఫిల్టర్ పొడుల్లో చాలావాటిలో చికోరీ కలుపుతారు. అది ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి, రంగూ చేదూ ఎక్కువ. ఎంత శాతం కలిపారో ప్యాకెట్ మీదే ఉంటుంది, చదివి చూడండి. ఈ జాడీకి చికోరీ లేని కాఫీ కావాలి. నన్నడిగితే మన అరకు అరబికాతో మొదలుపెట్టమంటాను. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియపు తీగల పక్కన ఆదివాసీ రైతులు పండించే కాఫీ అది, 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పాలు, చక్కెర కింద దాని రుచిని దాచేయక్కర్లేదు. లీటరు నీళ్ళకు 60 గ్రాముల లెక్కన, పావు లీటరుకు 15 గ్రాములు, అంటే దాదాపు మూడు పెద్ద చెంచాలు వేయండి. మరిగిన నీళ్ళను దింపి అర నిమిషం ఆగి పోయండి, నాలుగు నిమిషాలు కదపకుండా ఉంచండి, ఆ తర్వాతే నొక్కండి. అప్పటికీ చేదు పోకపోతే పొడి ఇంకా బరకగా పట్టించండి. పుల్లగా, పలచగా వస్తే కొంచెం మెత్తగా పట్టించండి.

కాఫీ మీద నూనె తేలుతోంది. నాకు కొలెస్ట్రాల్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. గుండెకు ప్రమాదమా?
ఒక వ్యాపారి, ఆర్మూర్

మీరు చూస్తున్నది కాఫీ గింజలోని సొంత నూనె, ఎవరూ కలిపింది కాదు. అప్పుడప్పుడు ఒక కప్పు తాగినందుకు గుండెకు ఏదో అయిపోదు. అయితే ఆ నూనెలో ఉండే కెఫెస్టాల్ అనే పదార్థం చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కాగితపు వడపోత దాన్ని చాలావరకు పట్టేస్తుంది, ఈ లోహపు జల్లెడ పట్టలేదు. కాబట్టి మీలాంటి వారు రోజూ మూడు నాలుగు కప్పులు ఇలా తాగడం మంచిది కాదు. ప్రెస్‌లో చేసిన కాఫీనే ఒక కాగితపు ఫిల్టర్‌లో వంచుకోండి, మాత్రలు మానకండి, వచ్చే రక్తపరీక్షప్పుడు ఈ అలవాటు సంగతి డాక్టరుకు చెప్పండి. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

నాకు ఐదో నెల. తెలియక రెండు రోజులు పెద్ద మగ్గుతో తాగాను. బిడ్డకు ఏమైనా అవుతుందా?
పేరు వద్దన్న చెల్లి, అంకాపూర్

రెండు రోజుల కాఫీతో బిడ్డకు హాని జరిగిందని భయపడాల్సిన పని లేదమ్మా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల కాచిన కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. గర్భిణులు రోజుకు 200 దాటకపోవడం మంచిదని వైద్యులు చెబుతారు. అంటే రోజుకు ఒక చిన్న కప్పుతో ఆపండి, టీ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఐరన్ మాత్రకూ కాఫీకీ మధ్య కనీసం గంట ఎడం ఉంచండి, లేకపోతే మాత్ర ఒంటికి సరిగా పట్టదు. గుండెదడ తగ్గకపోయినా, నొప్పి, రక్తస్రావం కనిపించినా అది కాఫీ వల్లేనా అని ఆలోచించకుండా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

జాడీ రోజూ కడుగుతున్నా ముక్కిన వాసన వస్తోంది. పారేయాలా?
ఒక విద్యార్థి, ఆర్మూర్

పారేయవద్దు బాబూ. జల్లెడ పలకల మధ్య పాత నూనె, నలక చిక్కుకుని ఉంటాయి. కింది మర తిప్పితే పలకలు విడివడతాయి. వారానికోసారి వాటిని విడివిడిగా సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించు. జల్లెడ అంచున తీగలు లేచి ఉంటే మాత్రం వాడకు, తెగిన ముక్క కప్పులో పడితే గొంతులో గుచ్చుకుంటుంది. జల్లెడ ఒక్కటే విడిగా దొరుకుతుంది, జాడీ మార్చక్కర్లేదు.