మూగజీవుల యెదుట మన నడత

మన ఉట్నూరు వైపు కవ్వాల్ అడవిలో పులి సాధారణముగా మనుష్యుల అలికిడి వినగానే పొదలోనికి తప్పుకొనును. హైదరాబాదులో 1963లో తెరువబడిన నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని పులికి ఆ స్వేచ్ఛ లేదు. అక్కడ పండుకొనిన పులిని లేపుటకు మన పిల్లలు కేకలు వేయగా, మేమును నవ్వితిమి. తప్పు మాదే.

గోల యెక్కువైన కొలది కొన్ని జంతువులు బెదరి మూలకు ఒదుగును. కొన్ని ఒకే చాలున అటునిటు తిరుగుచుండును. 2021 మే నెలలో అక్కడి 8 సింహములకు కరోనా సోకెను. అది మనుష్యులనుండియే వచ్చియుండునని తలంచిరి.

సామెతలు 12:10 ప్రకారము నీతిమంతుని గుర్తు అతడు పశువును చూచు తీరులో నున్నది. కాబట్టి అక్కడ కేకలు వేయకుందము, రాళ్లు రువ్వకుందము, తినుబండారములు విసరకుందము. దాగుటకు చోటులేని జీవికి మన నెమ్మదియే పొద.