ఆకాశ సంపద – వేలం

భూమి, నీరు, ఖనిజాల వలెనే రేడియో తరంగాలు కూడ ప్రకృతి ప్రసాదించిన సంపదయే. ఆకాశవాణిలో పాట వినిపించాలన్నా, సెల్‌ఫోనులో మాట పలకాలన్నా ఇవే ఆధారం. వీటి పౌనఃపున్యాల శ్రేణిని స్పెక్ట్రమ్ అంటారు. వాడినంత మాత్రాన ఇది తరిగిపోదు. కాని ఒకేచోట ఒకే పౌనఃపున్యంపై ఇద్దరు ప్రసారం చేస్తే ఒకరి సంకేతం మరొకరి సంకేతానికి అవరోధమవుతుంది. కనుక ఎవరికి ఏ భాగం చెందాలో నిర్ణయించక తప్పదు.

ఆ నిర్ణయానికి వేలమే తగిన మార్గమని ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ 1959లో వాదించాడు. అమెరికా 1994లో దానిని ఆచరణలో పెట్టింది. తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో మన సుప్రీంకోర్టు ప్రకటించింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు.

అయినను 2008 జనవరిలో 'ముందు వచ్చినవారికి ముందు' అనే పద్ధతిలో, 2001 నాటి ధరకే 122 లైసెన్సులు మంజూరయ్యాయి. దరఖాస్తుల గడువు తేదీని వెనుకకు జరపడంతో అర్హులైన పలువురు అవకాశం కోల్పోయారు. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు ఆ లైసెన్సులన్నింటినీ రద్దు చేసింది.

2010లో 3జి స్పెక్ట్రమ్‌ను వేలం వేశారు. అన్ని సర్కిళ్లకూ ఒకేసారి పాట మొదలవుతుంది. గిరాకీ ఎక్కువగా ఉన్నచోట ఆవృత్తి ఆవృత్తికీ ధర పెరుగుతుంది. భరించలేనివారు తప్పుకొంటారు. గిరాకీ, లభ్యత సమానమైనప్పుడు పాట ముగుస్తుంది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో 320 కోట్ల రూపాయలతో మొదలైన ధర, 34 దినాల వేలం ముగిసేసరికి 1,373 కోట్లకు చేరింది.

ఐతే వేలం సర్వరోగ నివారిణి కాదు. కనీస ధర మితిమీరితే కొనేవారు ముందుకు రారు. 2012 నవంబరు వేలంలో జరిగినది అదే. అమ్ముడుపోని స్పెక్ట్రమ్ ఎవరికీ ఉపయోగపడదు. ప్రకృతి వనరులన్నింటికీ వేలమే ఏకైక మార్గం కాదని అదే సంవత్సరం సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వేలాన్ని సాధారణ నియమంగా ఉంచి, దేశరక్షణ, విపత్తు నిర్వహణ వంటి వాటికి మినహాయింపు ఇచ్చింది.

ప్రజల సొత్తును పంచేవాడు యజమాని కాడు, ధర్మకర్త మాత్రమే. ఖజానా నిండడం ఎంత ముఖ్యమో, మారుమూల పల్లెకు సైతం మాట చేరడం అంతే ముఖ్యం. పంపకం పదుగురి ఎదుట జరిగినప్పుడే దానిపై ప్రజలకు విశ్వాసం కలుగుతుంది.

ప్రశ్నలు
1. స్పెక్ట్రమ్ తరిగిపోని సంపద అయినప్పటికీ దానిని పంచవలసిన అవసరమేమి?
2. వేలం పద్ధతిలోని గుణదోషాలను సోదాహరణంగా వివరించండి.